తూటా పేల్చడానికీ అర్హత ఉండాలి
గనుల్లో బ్లాస్టర్ ధ్రువపత్రం పొందే విధానం ఇదీ

కడప: గనిలో రాయి కదలాలంటే తూటా పేలాలి. ఆ తూటాను రంధ్రంలోకి దించే పని ఎవరి పర్యవేక్షణలో జరగాలో, దానిని ఎవరు పేల్చాలో, పేలిన తరువాత అక్కడికి ముందుగా ఎవరు వెళ్లి చూడాలో గనుల నిబంధనలు స్పష్టంగా నిర్దేశించాయి. ఆ వ్యక్తినే బ్లాస్టర్ అంటారు. బొగ్గు గనుల్లో ఇదే బాధ్యత నిర్వర్తించేవారిని షాట్‌ఫైరర్ అని పిలుస్తారు. కంప్రెషర్ నడిపినవారు, మందు నింపడంలో ఏళ్ల తరబడి చేయి తిరిగినవారు కూడా ధ్రువపత్రం లేనిదే ఈ బాధ్యత చేపట్టడానికి వీలులేదు.

ముగ్గురాయి, సున్నపురాయి, నాపరాయి గనులకు నెలవైన కడప జిల్లాలో ఈ ధ్రువపత్రం విలువ ప్రత్యేకంగా చెప్పవలసిన పనిలేదు. 2021 మే 8న కలసపాడు మండలం మామిళ్లపల్లె వద్ద ముగ్గురాతి గనిలో వాహనం నుంచి పేలుడు పదార్థాలను దించుతున్న సమయంలో విస్ఫోటం సంభవించి పది మంది మరణించారు. అంతకుముందు 2018 ఆగస్టు 3న పొరుగునే ఉన్న కర్నూలు జిల్లా ఆలూరు మండలం హత్తిబెళగల్ క్వారీలో జరిగిన పేలుడు సైతం పదిమందికి పైగా ప్రాణాలను బలిగొంది. చిన్న క్వారీలకే ఈ ప్రమాదం పరిమితమనుకోవడం పొరపాటు. శిక్షణ కేంద్రాలు, భద్రతాధికారులు, వైద్యశాలలు అన్నీ ఉన్న సింగరేణిలోనూ 2020 జూన్ 2న రామగుండం ఓపెన్‌కాస్ట్-1 గనిలో పేలుడు పనుల్లో ఉన్న నలుగురు కాంట్రాక్టు కార్మికులు మృతి చెందారు.

ఏ గనికి ఏ నిబంధన

బొగ్గు గనులకు 2017 నాటి బొగ్గు గనుల నిబంధనలు వర్తిస్తాయి. ఇవి 1957 నాటి నిబంధనల స్థానంలో వచ్చాయి. బొగ్గు, చమురు మినహా మిగిలిన గనులన్నీ మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్-1961 పరిధిలోకి వస్తాయి. పేరులో లోహం ఉన్నందున ఇవి ఇనుము, రాగి గనులకే వర్తిస్తాయని చాలామంది భావిస్తుంటారు. సున్నపురాయి, ముగ్గురాయి, పలుగురాయి, గ్రానైట్, కంకర రాళ్ల క్వారీలు సైతం వీటి కిందికే వస్తాయి. బ్లాస్టర్ ధ్రువపత్రం అన్నది ఈ 1961 నిబంధనల ప్రకారం జారీ అయ్యేదే.

ఈ నిబంధనలకు మూలమైన గనుల చట్టం-1952 స్థానంలో వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. కొత్త స్మృతికి విరుద్ధం కానంత మేరకు, వాటి స్థానంలో వేరేవి వచ్చేవరకు పాత నిబంధనలు కొనసాగుతాయి. అందువల్ల ధ్రువపత్రాలు ఉన్నవారు ఆందోళన చెందవలసిన అవసరం లేదు.

చిన్న క్వారీల యజమానుల్లో ఒక అపోహ ఉంది. ఆరు మీటర్లకు మించని లోతు, యాభై మందికి మించని పనివారు ఉంటే గనుల చట్టం తమకు వర్తించదని వారు అంటుంటారు. 1952 చట్టంలో కంకర, గ్రావెల్, ఇంటి నిర్మాణపు రాయి వంటి వాటికి అలాంటి మినహాయింపు ఉన్నమాట నిజమే. అయితే పేలుడు పదార్థాలు వాడకూడదన్నది ఆ మినహాయింపునకు విధించిన షరతుల్లో ఒకటి. ఒక్క తూటా వాడినా మినహాయింపు పోతుంది.

ఎవరు అర్హులు

బ్లాస్టర్ ధ్రువపత్రానికి ఇంజినీరింగ్ పట్టా అక్కరలేదు. గనిలో కూలీగా చేరి, పేలుడు పనుల్లో సహాయకుడిగా నిర్ణీత కాలం పనిచేసిన వ్యక్తి సైతం పరీక్షకు హాజరుకావచ్చు. ఈ మార్గంలో ఉన్న మేలు అదే. అయితే అనుభవం నోటిమాటగా చెబితే చెల్లదు. ఏ గనిలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ పని చేశారో గని మేనేజరు ధ్రువీకరించాలి. ముఠా మేస్త్రీల కింద ఊరూరా తిరిగి పనిచేసే కార్మికులకు ఇక్కడే ఇబ్బంది ఎదురవుతోంది. హాజరు పట్టీలో పేరు లేనివారు పదేళ్లు రాళ్లు పగలగొట్టినా ఒక్కనెల అనుభవం కూడా చూపించుకోలేరు. కాబట్టి గనిలో చేరిన మొదటిరోజే తమ పేరు రిజిస్టరులో నమోదయిందో లేదో కార్మికులు చూసుకోవాలి.

18 ఏళ్లు నిండనివారిని పేలుడు పదార్థాల దగ్గరకు రానివ్వకూడదన్నది గనుల చట్టంలోనూ, పేలుడు పదార్థాల నిబంధనలు-2008లోనూ ఉన్న మాట. దరఖాస్తుతో పాటు వయసు ధ్రువీకరణ, వైద్య పరీక్ష పత్రం, ప్రథమ చికిత్స ధ్రువపత్రం జతపరచాలి. చూపు, వినికిడి సరిగా లేనివారు ఈ పనికి పనికిరారు. హెచ్చరిక కూతను, కాపలాదారు కేకను వినలేనివారు తమతోపాటు పదిమందినీ ప్రమాదంలోకి నెడతారు. పనిలో చేరిన తరువాత కూడా ఐదేళ్లకోసారి వైద్య పరీక్ష ఉంటుంది. 60 ఏళ్లు దాటినవారు ఏటా ఆరోగ్య ధ్రువీకరణ పొందితేనే కొనసాగడానికి వీలుంటుంది.

దీనికి ముందు వృత్తి శిక్షణ పూర్తి కావాలి. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం కొత్తగా చేరే కార్మికుడికి ఉపరితల గనుల్లో 12 రోజులు, భూగర్భ గనుల్లో 24 రోజులు ప్రాథమిక శిక్షణ ఇవ్వాలి. ఐదేళ్లకోసారి పునశ్చరణ తప్పనిసరి. సొంతంగా శిక్షణ కేంద్రం నడపలేని చిన్న గనుల యజమానులు నలుగురు కలిసి ఉమ్మడి కేంద్రం ఏర్పాటు చేసుకోవచ్చు. పేలుళ్ల పనిలోకి వెళ్లేవారికి ఇది తొలిమెట్టు మాత్రమే. ఆపై ప్రత్యేక శిక్షణ పొందాలి.

ఏమి నేర్చుకోవాలి

పేలుడు పదార్థాల రకాలను గుర్తించడంతో పాఠం మొదలవుతుంది. ఇప్పటికీ అందరూ జిలెటిన్ కడ్డీలు అనే అంటున్నా, నైట్రోగ్లిజరిన్ ఆధారిత పేలుడు పదార్థాలను మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి నిషేధించారు. నేడు గనులకు వస్తున్నవి స్లర్రీ, ఎమల్షన్ తూటాలు. పెద్ద ఉపరితల గనుల్లో 94 పాళ్లు అమ్మోనియం నైట్రేటుకు 6 పాళ్లు డీజిలు కలిపిన మిశ్రమాన్ని కూడా వాడతారు. ఇది చవక. కానీ నీటిలో అమ్మోనియం నైట్రేటు కరిగిపోతుంది. వానాకాలంలో నీరు చేరిన రంధ్రాల్లో దీనిని పోస్తే సగం పేలి సగం మిగులుతుంది. తడి రంధ్రానికి ఎమల్షన్ వాడాలని తెలియడం బ్లాస్టరుకు ఉండవలసిన కనీస జ్ఞానం. పేలిన తరువాత ఎర్రటి, గోధుమ రంగు పొగ లేస్తే అది నైట్రోజన్ ఆక్సైడ్లకు గుర్తు. అది తొలగేవరకు ఎవరినీ ఆ దిక్కుకు పంపకూడదు.

పేల్చే సాధనాల విషయంలో ఇటీవల పెద్ద మార్పు వచ్చింది. విద్యుత్ డిటోనేటర్ల తయారీ, నిల్వ, దిగుమతిని కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. పక్కదారి పట్టి సంఘవిద్రోహుల చేతిలో పడుతున్నాయన్నది దీని వెనుక ఉన్న ఆందోళన. వైరు కలిపి ఎక్స్‌ప్లోడరు తిప్పడం మాత్రమే తెలిసిన పాత తరం బ్లాస్టర్లు ఇప్పుడు షాక్ ట్యూబు, ఎలక్ట్రానిక్ డిటోనేటర్ల విధానాన్ని కొత్తగా నేర్చుకోక తప్పదు. ధ్రువపత్రం ఎప్పుడో వచ్చిందన్న ధీమా ఈ విషయంలో పనికిరాదు.

వత్తితో పేల్చే పద్ధతిలో వత్తి మీటరు పొడవు కాలడానికి సుమారు 100 నుంచి 120 సెకన్లు పడుతుంది. నిప్పు పెట్టిన వ్యక్తి సురక్షిత స్థలానికి చేరడానికి ఉన్న వ్యవధి అంతా ఆ పొడవులోనే ఉంది. నాలుగంగుళాలు ఆదా చేద్దామని వత్తి కత్తిరించినవారు ఆ వ్యవధినే కత్తిరించుకుంటున్నారు. డిటోనేటరు గొట్టాన్ని వత్తికి బిగించడానికి క్రింపర్ అనే పట్టకారు ఉంటుంది. పళ్లతో నొక్కడం పాతకాలపు మొండి అలవాటు. శిక్షణలో మొదట మాన్పించవలసింది దానినే.

రంధ్రంలోకి తూటాను నెట్టడానికి కర్ర మాత్రమే వాడాలి. ఇనుప కడ్డీ నిషిద్ధం. తూటాలను, డిటోనేటర్లను ఒకే పెట్టెలో తీసుకురాకూడదు. గని లోపలికి తూటాలు తెచ్చే పెట్టె ఒక్కొక్కటి 5 కిలోలకు మించరాదు. మందు నింపుతున్న చోట డ్రిల్లింగ్ సాగకూడదు. ఉరుము వినిపిస్తే నింపడం ఆపి అందరినీ దూరంగా పంపాలి. నింపిన తరువాత రంధ్రం పైభాగాన్ని మట్టి, ఇసుక, డ్రిల్లు పొడితో గట్టిగా మూయాలి. ఈ మూత సరిగా లేకపోతే పేలుడు శక్తి పైకి తన్నుకొని రాళ్లు ఎగిరిపడతాయి. గనుల పక్క పొలాల్లో, ఇళ్ల కప్పులపై పడే రాళ్లలో చాలావాటికి మూలం ఇదే.

బొగ్గు గనుల్లో వీటికి తోడు మరో అంశం ఉంది. భూగర్భంలో తూటా పేల్చే ముందు ఆ పరిసరాల్లో మీథేన్ వాయువు ఉన్నదీ లేనిదీ పరీక్షించాలి. ఉంటే పేల్చరాదు. అనుమతించిన ప్రత్యేక రకం పేలుడు పదార్థాలనే వాడాలి. అందువల్ల కొత్తగూడెం, మందమర్రి, భూపాలపల్లి వంటి సింగరేణి ప్రాంతాల్లో షాట్‌ఫైరర్, సర్దార్ పరీక్షలకు వెళ్లేవారు గ్యాస్ టెస్టింగ్ ధ్రువపత్రం కూడా పొందుతారు. ముగ్గురాతి గనిలో బ్లాస్టరుగా పేరు తెచ్చుకున్నవారైనా ఆ ధ్రువపత్రంతో బొగ్గు గనిలో షాట్‌ఫైరర్‌గా పనిచేయడానికి వీలులేదు. 1961 నిబంధనల కింద కూడా ఉపరితల గనులకే పరిమితమైన ధ్రువపత్రాలు వేరుగా ఉన్నాయి. తుమ్మలపల్లె యురేనియం గని వంటి భూగర్భ గనుల్లో పనిచేయదలచినవారు దరఖాస్తు చేసేటప్పుడే ఈ తేడా గమనించాలి.

పేలని తూటాతోనే అసలు పరీక్ష

పరీక్షాధికారులు అభ్యర్థిని గుచ్చి గుచ్చి అడిగేది మిస్‌ఫైర్ గురించే. పేల్చిన రంధ్రాలెన్ని, వినిపించిన శబ్దాలెన్ని అని లెక్కించుకోవాలి. లెక్క కుదరకపోతే తూటా మిగిలినట్లే భావించాలి. సందేహం ఉన్నా మిగిలినట్లే లెక్క. నిర్దేశించిన వ్యవధి గడిచేవరకు ఎవరూ దగ్గరకు వెళ్లకూడదు. ఆ ప్రదేశానికి కంచె వేయాలి. పేలని రంధ్రంలోని మందును తవ్వి తీయడం, దానినే లోతు చేయడం ప్రాణాంతకం. దానికి కనీసం 30 సెంటీమీటర్ల ఎడంగా, దానిలోకి చొచ్చుకుపోని విధంగా మరో రంధ్రం వేసి పేల్చాలి. లోతైన పెద్ద రంధ్రాల విషయంలో ఎడం ఇంకా ఎక్కువ పాటించాలి. తరువాత రాళ్ల కుప్పలో పేలని తూటా, డిటోనేటరు కోసం జాగ్రత్తగా వెతకాలి. షిఫ్టు ముగిసినా పని ముగియకపోతే, తరువాత వచ్చే బ్లాస్టరుకు ఆ స్థలం చూపించి అప్పగించాలి.

పాత పేలుడులో మిగిలిన రంధ్రపు అడుగుభాగాన్ని సాకెట్ అంటారు. అందులోనే మళ్లీ డ్రిల్లు పెడితే పని త్వరగా అవుతుందని కొందరు ఆశపడతారు. అడుగున మందు మిగిలి ఉంటే డ్రిల్లు కొన తగలడమే తరువాయి. నిబంధనలు దీనిని పూర్తిగా నిషేధించాయి.

ఇక్కడే నిబంధనల రూపకర్తల ముందుచూపు కనిపిస్తుంది. పగిలిన రాయి లేదా బొగ్గు పరిమాణాన్ని బట్టి కూలి పొందే వ్యక్తిని పేల్చే పనికి నియమించకూడదని వారు రాశారు. టన్నుకింత అని డబ్బు తీసుకునేవాడు మిస్‌ఫైర్ దగ్గర ఆగడు, కాపలాదారులు తమ స్థానాలకు చేరేవరకు వేచి ఉండడు. ఆగవలసినచోట ఆగినందుకు కూలి తగ్గని మనిషి చేతిలోనే తూటా ఉండాలన్నది దీని సారం. లారీల లెక్కన కాంట్రాక్టులు సాగే క్వారీల్లో ఈ నియమం ఎంతవరకు అమలవుతోందన్నది అధికారులు నిక్కచ్చిగా తనిఖీ చేయవలసిన విషయం. రిజిస్టరులో బ్లాస్టరు పేరు ఒకరిది, రంధ్రం దగ్గర మందు నింపే చేయి ఇంకొకరిది అయితే ధ్రువపత్రం ఉన్నా లేనట్లే.

ఊరికి సంబంధించిన లెక్కలు

1961 నిబంధనల ప్రకారం పేల్చే చోటు నుంచి 300 మీటర్ల వ్యాసార్ధాన్ని ప్రమాద పరిధిగా పరిగణిస్తారు. ఆ పరిధిలో ఉన్నవారంతా రక్షణ పొందారని నిర్ధారించుకొని, దారులన్నింటి వద్ద కాపలా పెట్టి, కూత వేసిన తరువాతనే పేల్చాలి. లోతైన రంధ్రాలతో పెద్ద ఎత్తున పేల్చే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల్లో ఈ దూరం 500 మీటర్లు. గొర్రెల కాపరి ఒక్కడు లోపలికి వచ్చినా ఆపవలసిన బాధ్యత బ్లాస్టరుదే.

నేల అదరడానికి కూడా పరిమితులున్నాయి. గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎంఎస్, 1997లో జారీ చేసిన సర్క్యులరు ప్రకారం గని యాజమాన్యానికి చెందని నివాస గృహాల వద్ద ప్రకంపన వేగం, తరచుదనం 8 హెర్ట్జ్ లోపు ఉన్నప్పుడు సెకనుకు 5 మిల్లీమీటర్లు మించరాదు. 8 నుంచి 25 హెర్ట్జ్ మధ్య 10, ఆపైన 15 మిల్లీమీటర్ల వరకు అనుమతిస్తారు. గోడలు బీటలు వారుతున్నాయని ఫిర్యాదు చేసే గ్రామస్థులు ఈ కొలతలు తీయించాలని కోరవచ్చు. మొత్తం మందు ఎంత అన్నదానికంటే ఒక్కసారిగా పేలే మందు ఎంత అన్నది ముఖ్యం. రంధ్రాలు మిల్లీసెకన్ల తేడాతో ఒకదాని తరువాత ఒకటి పేలేలా అమర్చగల బ్లాస్టరు ఊరికి నష్టం లేకుండానే పని పూర్తిచేయగలడు.

గ్రానైటు క్వారీల సంగతి వేరు. అక్కడ బండ చెక్కుచెదరకుండా రావాలి కనుక భారీ పేలుళ్లు యజమానికే నష్టం. చీమకుర్తి వంటి చోట్ల వజ్రపు తీగ రంపాలు వచ్చింది ఇందుకే.

దరఖాస్తు, పరీక్ష

బ్లాస్టర్, మేట్, ఫోర్‌మన్ ధ్రువపత్రాలను డీజీఎంఎస్ ఆధ్వర్యంలోని గనుల పరీక్షల బోర్డు జారీ చేస్తుంది. ప్రధాన కార్యాలయం ధన్‌బాద్‌లో ఉన్నా, తెలుగు రాష్ట్రాల అభ్యర్థులకు హైదరాబాద్, నెల్లూరులలో ప్రాంతీయ కార్యాలయాలున్నాయి. పరీక్ష తేదీలు, రుసుము, అనుభవ కాలం వంటి వివరాలకు డీజీఎంఎస్ వెబ్‌సైటులోని ప్రకటనను మాత్రమే ప్రామాణికంగా తీసుకోవాలి. ధ్రువపత్రం ఇప్పిస్తామంటూ డబ్బు అడిగే దళారుల మాట నమ్మరాదు.

ధ్రువపత్రం చేతికి వచ్చినంత మాత్రాన ఎవరూ తమంతట తాము తూటా పేల్చకూడదు. ఆ గని మేనేజరు రాతపూర్వకంగా నియమించాలి. ఒక షిఫ్టులో ఎన్ని తూటాలు పేల్చవచ్చో కూడా ఆయనే నిర్ణయిస్తారు. తీసుకున్న తూటాలు, వాడినవి, తిరిగి గిడ్డంగికి అప్పగించినవి రిజిస్టరులో రాసి సంతకం చేయడం బ్లాస్టరు రోజువారీ బాధ్యత. నిర్లక్ష్యం రుజువైతే విచారణ జరిపి ధ్రువపత్రాన్ని నిలిపివేసే, రద్దుచేసే అధికారం ఉన్నతాధికారులకు ఉంది.

బావుల తవ్వకం, రోడ్లు, కాలువలు, సొరంగాల పనులు గనుల పరిధిలోకి రావు. అక్కడ తూటాలు పేల్చేవారు పేలుడు పదార్థాల నిబంధనలు-2008 కింద షాట్‌ఫైరర్ పర్మిట్ పొందాలి. దీనిని ఇచ్చేది పెసో అని పిలిచే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ. నాగపూర్ కేంద్రంగా పనిచేసే ఈ సంస్థకు హైదరాబాద్, విశాఖపట్నంలలో కార్యాలయాలు ఉన్నాయి. పల్లెల్లో వేసవి వస్తే బావుల్లో తూటాలు పేల్చే ముఠాలు కనిపిస్తుంటాయి. పని అప్పగించే రైతులు ముందుగా ఈ పర్మిట్ చూపించమని అడగాలి.

ఉద్యోగాల విషయానికి వస్తే, హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఎన్‌ఎండీసీ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు తమ ఇనుప ఖనిజం గనులకు బ్లాస్టర్ పోస్టులను ప్రకటించినప్పుడు పదో తరగతి లేదా ఐటీఐతో పాటు బ్లాస్టర్ లేదా మైనింగ్ మేట్ ధ్రువపత్రం, ప్రథమ చికిత్స ధ్రువపత్రం, పేలుళ్ల పనిలో మూడేళ్ల అనుభవం అడిగాయి. సిమెంటు కర్మాగారాల సున్నపురాయి గనుల్లోనూ వీరి అవసరం ఉంటుంది. మేట్ లేదా ఫోర్‌మన్ ధ్రువపత్రం ఉన్నవారు కూడా బ్లాస్టరుగా వ్యవహరించవచ్చు. అందువల్ల బ్లాస్టరుగా కొంతకాలం పనిచేసిన కార్మికులు మేట్ పరీక్షకు, మైనింగ్ డిప్లొమా చేసినవారు నేరుగా ఫోర్‌మన్ ధ్రువపత్రానికి ప్రయత్నించడం మేలు.